ఆడ్రీ హెప్బర్న్: పదే పదే వచ్చే ప్రశ్నలు, జవాబులు

పాత హాలీవుడ్ గురించి తెలుగులో ఏం రాసినా, నటి ఆడ్రీ హెప్బర్న్ పేరు రాగానే అవే సందేహాలు వస్తాయి. నల్ల గౌను, ముత్యాల దండ, సన్నటి నడుము. ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యునిసెఫ్ సంగతి ఎవరైనా ఎత్తినా "రిటైరయ్యాక ఏదో సేవ చేసిందటగా" అన్న ధోరణిలోనే ఎత్తుతారు. నాకు ఆ వరస తలకిందులుగా కనిపిస్తుంది. ఆమె జీవితంలో ఆకలి ముందు వచ్చింది, సినిమా తర్వాత వచ్చింది. అందుకే ఈ ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. ఎక్కడ నుంచి మొదలుపెట్టి చదివినా ఫర్వాలేదు, ఏ జవాబు దానికదే.

## పుట్టుక, యుద్ధం, ఆకలి

ఆవిడ అమెరికన్ కాదా? ఇంతకీ ఏ దేశం మనిషి?

అమెరికన్ కాదు. 1929 మే 4న బెల్జియంలో, బ్రస్సెల్స్ నగరంలోని ఇక్సెల్‌లో పుట్టింది. తండ్రి జోసఫ్ రస్టన్ బ్రిటిష్ పౌరుడు కాబట్టి ఆమెదీ ఆ పౌరసత్వమే. తల్లి ఎల్లా వాన్ హేమ్‌స్ట్రా డచ్ బారొనెస్, అంటే ప్రభు వంశపు బిరుదున్న మనిషి. చదువు కొంత ఇంగ్లండ్‌లో, యుద్ధకాలమంతా నెదర్లాండ్స్‌లో, సినిమాలు హాలీవుడ్‌లో, రెండో కాపురం రోమ్‌లో, సొంత ఇల్లు స్విట్జర్లాండ్‌లో. ఇంగ్లీషు, డచ్, ఫ్రెంచ్, ఇటాలియన్ ధారాళంగా మాట్లాడేది. ఆమె ఇంగ్లీషు యాస ఏ ఊరిదో ఎవరికీ అంతుపట్టదు, ఇన్ని ఊళ్ళు తిరిగిన మనిషికి ఒక్క యాస ఎక్కడ నిలుస్తుంది?

కాథరిన్ హెప్బర్న్ ఈవిడకి అక్కా, పిన్నా?

ఏ చుట్టరికమూ లేదు. కాథరిన్ అమెరికాలోని కనెటికట్‌లో పుట్టింది, ఆడ్రీ కంటే ఇరవై ఏళ్ళకు పైగా పెద్దది. ఆడ్రీ పుట్టినప్పటి పేరులో అసలు హెప్బర్న్ లేనే లేదు, ఆడ్రీ కాథలీన్ రస్టన్ అంతే. స్కాట్లాండ్ రాణి మేరీ మూడో భర్త జేమ్స్ హెప్బర్న్ వంశం తమదని తండ్రి నమ్మి, ఆ పేరు ఇంటిపేరుకు తగిలించుకున్నాడు. ఆ నమ్మకమూ తప్పే. లోకమంతా గుర్తుపెట్టుకున్న పేరు అలా వచ్చింది.

బారొనెస్ కూతురంటారు, తిండి లేక మాడిపోయిందంటారు. రెండూ ఎలా కుదురుతాయి?

రెండూ నిజమే. తల్లి వైపు తాత ఆర్నెమ్ పట్టణానికి మేయరుగా, తర్వాత డచ్ వలస సురినామ్‌కు గవర్నరుగా చేసినవాడు. 1939లో రెండో ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు, నెదర్లాండ్స్ తటస్థ దేశం కదా, అక్కడైతే భయం లేదని తల్లి ఆమెను ఇంగ్లండ్ నుంచి ఆర్నెమ్‌కు రప్పించింది. 1940 మేలో జర్మన్లు ఆ దేశంలోకే దిగారు. ఆడ్రీ అన్న ఇంగ్లీషు పేరు వినిపిస్తే ముప్పని ఇంట్లో ఎడ్డా అని మార్చారు.

అసలు కష్టం 1944 సెప్టెంబరు తర్వాత. ఆర్నెమ్ వంతెన పట్టుకోవాలని మిత్రసేనలు చేసిన దాడి విఫలమైంది. డచ్ రైల్వే కార్మికులు సమ్మె చేసినందుకు కక్షగా జర్మన్లు తిండి, బొగ్గు రవాణా ఆపేశారు. ఆ చలికాలాన్ని డచ్‌వాళ్ళు ఇప్పటికీ "ఆకలి చలికాలం" అనే అంటారు. సుమారు 20,000 మంది చనిపోయారు. ఆర్నెమ్ పక్కనున్న వెల్ప్‌లో తలదాచుకున్న ఆడ్రీ కుటుంబం ట్యులిప్ గడ్డల పిండితో రొట్టెలు చేసుకుని తిన్న రోజులున్నాయి. పదిహేనేళ్ళ పిల్లకు రక్తహీనత, ఆయాసం, పోషణ లేక ఒంటికి నీరు పట్టడం.

1945 ఏప్రిల్‌లో వెల్ప్‌కు విముక్తి వచ్చింది. వెనకే ఐక్యరాజ్యసమితి సహాయ పునరావాస సంస్థ సరుకులు వచ్చాయి. ఓట్స్ జావలో పంచదార దట్టంగా పోసుకుని, ఒక డబ్బా చిక్కటి తియ్యపాలు మొత్తం తాగేసి జబ్బు పడ్డానని ఆమే తర్వాత చెప్పుకుంది. ఖాళీ కడుపు అంత తీపిని పట్టలేకపోయింది. ఆ సహాయంలో పిల్లల కోసం చేసే పనిని కొనసాగించడానికే 1946 డిసెంబరులో యునిసెఫ్ పుట్టింది.

అమ్మానాన్నలు హిట్లర్ పక్షమట కదా, నిజమేనా?

1930ల మధ్యలో ఇద్దరూ బ్రిటిష్ ఫాసిస్టు పార్టీకి మద్దతిచ్చినవాళ్ళే. తల్లి ఆ పార్టీ పత్రికకు రాసింది కూడా. దీన్ని దాచాల్సిన పని లేదు. 1935లో తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు, అప్పుడు ఆడ్రీకి ఆరేళ్ళు. యుద్ధంలో బ్రిటన్ ప్రభుత్వం అతన్ని విచారణ లేకుండా నిర్బంధించింది. తల్లి మాత్రం ఆక్రమణ చూశాక మారింది. 1942 ఆగస్టులో ఆమె తోబుట్టువు భర్త ఒట్టో వాన్ లింబుర్గ్ స్టీరమ్‌ను జర్మన్లు బందీగా పట్టుకుని కాల్చి చంపారు. ఆడ్రీ సవతి అన్నల్లో ఒకరు అజ్ఞాతంలోకి పోయాడు, ఇంకొకరిని బెర్లిన్‌కు వెట్టికి తరలించారు.

తండ్రి ఆచూకీ 1960లలో రెడ్‌క్రాస్ ద్వారా డబ్లిన్‌లో దొరికింది. ఆయన ముభావంగానే ఉన్నాడు. అయినా 1980లో పోయేదాకా ఆయన ఖర్చులు ఆమే చూసింది. తండ్రి వెళ్ళిపోవడమే తన బతుకులో పడిన పెద్ద దెబ్బ అని ఇంటర్వ్యూల్లో చెప్పేది, ఆకలి రోజుల గురించి కూడా అంత బాధగా చెప్పలేదు.

నాజీల మీద గూఢచారిగా పనిచేసిందన్న కథ నమ్మొచ్చా?

గూఢచారి అనడం అతి. చేసినవి చిన్న పనులు, దొరికితే మాత్రం ప్రాణానికే ముప్పు. కిటికీలకు నల్ల తెరలు దించి, బయట కాపలా పెట్టి, ఇళ్ళలో రహస్యంగా నాట్య ప్రదర్శనలు జరిపేవారు. వాటిని "నల్ల సాయంత్రాలు" అనేవారు. చప్పుడు బయటికి పోకూడదని ఎవరూ చప్పట్లు కొట్టేవాళ్ళు కాదు. ఆ డబ్బు ప్రతిఘటన ఉద్యమానికి చేరేది. వెల్ప్‌లో ఉద్యమంతో సంబంధమున్న ఒక డాక్టరుకు సాయంగా ఉండేది. మేజోళ్ళలో రహస్య పత్రికలు దాచి సైకిల్ మీద పంచిన సంగతి ఆమె నోటే విన్నాం. ఇంతకంటే సాహసగాథలు యూట్యూబులో కనిపిస్తే కాస్త ఆలోచించి నమ్మండి.

అంత సన్నగా ఉండడానికి ఏం డైట్ చేసేది?

ఈ ప్రశ్న మానేస్తే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఎదిగే వయసులో తిండి లేకపోవడం, ఏళ్ళ తరబడి బ్యాలే సాధన, రెండూ కలిసి ఆ శరీరాన్ని తయారుచేశాయి. టమాటా స్పగెట్టీ, చాక్లెట్ అంటే ఆమెకు ప్రాణమని చిన్నకొడుకు లూకా చెప్పాడు. ఆమె ఫొటో గోడకు అంటించుకుని కడుపు మాడ్చుకునే అమ్మాయిలు ఆకలి చలికాలం గురించి ఒక పేజీ చదివితే చాలు.

## నాట్యం నుంచి తెర మీదికి

బ్యాలే నేర్చుకుంది కదా, డాన్సర్ ఎందుకు కాలేదు?

కావాలనే ప్రయత్నించింది. యుద్ధం అయ్యాక ఆమ్‌స్టర్‌డామ్‌లో సోనియా గాస్కెల్ దగ్గర, 1948 నుంచి లండన్‌లో మేరీ రాంబర్ట్ బడిలో స్కాలర్‌షిప్ మీద నేర్చుకుంది. రాంబర్ట్ ముఖం మీదే చెప్పింది: ఎత్తు ఎక్కువ (170 సెంటీమీటర్లు), యుద్ధంలో తిండి లేక ఒంట్లో బలం తగ్గిపోయింది, అగ్రశ్రేణి నర్తకివి కాలేవు. పొట్టకూటికి సంగీత నాటకాల్లో బృంద నర్తకిగా చేరింది. కెమెరా ముందు ఆమె నడక, మెడ తిప్పడం, చేతులు నిలపడం చూడండి, ఆ సాధన ఎక్కడా వృథా పోలేదు.

మొదటి సినిమా రోమన్ హాలిడేనే కదా?

కాదు. 1948లో వచ్చిన ఒక డచ్ సినిమాలో ఎయిర్‌హోస్టెస్‌గా కాసేపు కనిపిస్తుంది. తర్వాత బ్రిటిష్ సినిమాల్లో అరకొర వేషాలు, సిగరెట్లు అమ్మే పిల్ల, హోటల్ రిసెప్షనిస్టు లాంటివి. రోమన్ హాలిడే ఆమె మొదటి హాలీవుడ్ ప్రధాన పాత్ర. వెండితెరకు కొత్త అన్నట్టు ప్రచారం చేయడంతో ఈ అపోహ నిలిచిపోయింది.

ఎవరికీ తెలియని అమ్మాయికి అంత పెద్ద ఛాన్స్ ఎలా వచ్చింది?

1951లో రెండు తలుపులు ఒకేసారి తెరుచుకున్నాయి. మాంటే కార్లోలో షూటింగ్ జరుగుతుండగా ఫ్రెంచి రచయిత్రి కొలెట్ ఆమెను చూసి, తన కథ ఆధారంగా న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేలో వేస్తున్న జీజీ నాటకానికి ఈ పిల్లే కావాలని పట్టుబట్టింది. ఆ నాటకం 219 ప్రదర్శనలు ఆడింది.

అదే ఏడాది సెప్టెంబరులో లండన్ దగ్గర రోమన్ హాలిడే స్క్రీన్ టెస్టు. సీను అయిపోయిందని "కట్" చెప్పారు, కానీ దర్శకుడు విలియం వైలర్ ముందే పురమాయించి ఉంచడంతో కెమెరా ఆపలేదు. టెస్టు అయిపోయిందనుకుని ఆడ్రీ మంచం మీద లేచి కూర్చుని, ఎలా చేశాను అని నవ్వుతూ అడిగింది. ఆ నవ్వే ఆమెకు పాత్ర ఇప్పించింది. షూటింగ్ మధ్యలో హీరో గ్రెగరీ పెక్ స్టూడియోకి చెప్పి ఆమె పేరు తన పేరుతో సమానంగా వేయించాడు. ఈ అమ్మాయికి ఆస్కార్ వస్తుంది, అప్పుడు నేను వెర్రివాణ్ణవుతాను అన్నాడట. అన్నట్టే వచ్చింది.

రాతి ముఖం నోట్లో చెయ్యి పెట్టే సీన్లో ఆ అరుపు నిజమైనదా?

నిజమైనదే. రోమ్‌లోని ఆ రాతి ముఖం నోట్లో అబద్ధాలకోరు చెయ్యి పెడితే కొరికేస్తుందని నమ్మకం. గ్రెగరీ పెక్ చెయ్యి బయటికి తీసేటప్పుడు కోటు చేతిలోకి ముడుచుకుని, తెగిపోయినట్టు చూపించాడు. ఆ సంగతి ఆడ్రీకి చెప్పలేదు. ఒక్క టేకులో అయిపోయింది.

## స్టార్ రోజులు

ఒక్క సినిమా చూడాలంటే ఏది చూడాలి?

అందరూ బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్ (1961) చెబుతారు. నేనైతే ది నన్స్ స్టోరీ (1959) అంటాను. బెల్జియం కాన్వెంటులో చేరి, నర్సుగా కాంగోకి వెళ్ళి, విధేయతకూ మనస్సాక్షికీ మధ్య నలిగిన సిస్టర్ లూక్ పాత్ర. నగలు లేవు, జుట్టు కూడా కనబడదు, ముఖం ఒక్కటే. ఆ ముఖంతో రెండున్నర గంటలు కూర్చోబెట్టింది. కొంత భాగం అప్పటి బెల్జియన్ కాంగోలోనే తీశారు. ఆ పాత్రకు మూలమైన మాజీ నన్ మేరీ లూయిజ్ హాబెట్స్ ఆడ్రీకి స్నేహితురాలైంది. 1959లో ఇంకో సినిమా షూటింగ్‌లో గుర్రం మీంచి పడి వెన్ను విరిగినప్పుడు ఆమే దగ్గరుండి నర్సింగ్ చేసింది.

ఇంట్లో అందరూ కూర్చుని చూడాలంటే రోమన్ హాలిడే, సస్పెన్స్ కావాలంటే షరాడ్, గుండె దడ కావాలంటే వెయిట్ అంటిల్ డార్క్. టిఫనీస్‌లో జపాన్ పొరుగింటాయన పాత్రను తెల్లనటుడితో వెటకారంగా వేయించారు, అది ఇప్పుడు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది.

జివాన్షీకి, ఆమెకు సంబంధం ఏమిటి?

నలభై ఏళ్ళ స్నేహం. 1953లో సబ్రినా సినిమా బట్టల కోసం పారిస్ వెళ్ళింది. మిస్ హెప్బర్న్ వస్తోందంటే ఫ్యాషన్ డిజైనర్ ఊబెర్ ద జివాన్షీ కాథరిన్ అనుకున్నాడు. తీరా చూస్తే టీషర్టు, పొట్టి ప్యాంటుతో ఓ బక్క పిల్ల. కొత్తగా కుట్టే తీరిక లేదని, ఉన్నవాటిలో చూసుకోమన్నాడు. ఆమె ఏరుకున్నవే ఫ్యాషన్ చరిత్ర అయ్యాయి. ఆ సినిమాకి కాస్ట్యూమ్స్ ఆస్కార్ మాత్రం టైటిల్స్‌లో పేరున్న ఈడిత్ హెడ్‌కి వెళ్ళింది.

ఆ నల్ల గౌను ఇప్పుడెక్కడుంది?

టిఫనీస్ సినిమాలో వేసుకున్న ఆ గౌనుకు ఒకటికి మించి ప్రతులున్నాయి. అందులో ఒకదాన్ని ఫ్రెంచి రచయిత డొమినిక్ లాపియర్‌కు జివాన్షీ ఇచ్చాడు. 2006 డిసెంబరులో లండన్ క్రిస్టీస్ వేలంలో అది 4,67,200 పౌండ్లకు పోయింది. ఆ డబ్బు ఎక్కడికి వచ్చిందో మన దేశంలో చాలామందికి తెలియదు: బెంగాల్‌లోని పేదల కోసం లాపియర్ నడిపిన సిటీ ఆఫ్ జాయ్ ఎయిడ్‌కు. ఆడ్రీ పోయిన పదమూడేళ్ళ తర్వాత ఆమె గౌను కోల్‌కతా వైపు పిల్లలకు బడులు కట్టించింది.

మై ఫెయిర్ లేడీలో పాటలు పాడింది ఆవిడ కాదట. మోసం కదా?

సుశీల గొంతుకి సావిత్రి పెదవులు కదిపితే పరవశించిన మనకి ఇందులో మోసం ఏముందో బోధపడదు. హాలీవుడ్‌లో మాత్రం గొడవైంది. బ్రాడ్‌వేలో ఆ పాత్ర వేసి మెప్పించిన జూలీ ఆండ్రూస్‌ను కాదని నిర్మాత జాక్ వార్నర్ పేరున్న తార కోసం ఆడ్రీని తీసుకున్నాడు. ఆమె నెలల తరబడి గాత్రం సాధన చేసింది. చివరికి పాటలు దాదాపు అన్నీ మార్నీ నిక్సన్ చేత పాడించారు. విషయం తెలిసిన రోజు ఆడ్రీ సెట్ వదిలి వెళ్ళిపోయింది, మర్నాడు వచ్చి అందరికీ క్షమాపణ చెప్పింది.

సినిమాకి ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి, ఆడ్రీకి నామినేషన్ కూడా రాలేదు. ఆ ఏడాది ఉత్తమ నటి మేరీ పాపిన్స్‌కి జూలీ ఆండ్రూసే. వేదిక మీద ఉత్తమ నటుడు రెక్స్ హారిసన్‌కు బహుమతి అందించింది ఆడ్రీ. టిఫనీస్‌లో కిటికీలో కూర్చుని పాడే "మూన్ రివర్" మాత్రం ఆమె సొంత గొంతే. ఆ గొంతు ఎంత పలుకుతుందో చూసుకుని హెన్రీ మాన్సీనీ బాణీ కట్టాడు.

మొత్తం ఎన్ని ఆస్కార్లు?

నటనకు ఐదు నామినేషన్లు, ఒక గెలుపు, అది రోమన్ హాలిడేకి. 1954 మార్చి 25న ఆస్కార్, మూడు రోజులకే ఆండీన్ నాటకానికి టోనీ. మానవసేవకు ఇచ్చే జీన్ హెర్షోల్ట్ ఆస్కార్ 1993లో, చనిపోయిన రెండు నెలలకు వచ్చింది, పెద్దకొడుకు షాన్ అందుకున్నాడు. తోటల మీద చేసిన టీవీ సిరీస్‌కు ఎమీ, పిల్లల కథల ఆల్బమ్‌కు గ్రామీ కూడా మరణానంతరమే. ఆస్కార్, ఎమీ, గ్రామీ, టోనీ నాలుగూ ఉన్న కొద్దిమందిలో ఆమె ఒకరు.

## ఇల్లు, పిల్లలు

ఎన్ని పెళ్ళిళ్ళు చేసుకుంది?

రెండు. 1954లో నటుడు మెల్ ఫెరర్, 1968లో విడాకులు. 1969లో ఇటలీ సైకియాట్రిస్టు ఆండ్రియా డాటీ, 1982లో విడాకులు. 1980 నుంచి చివరిదాకా డచ్ నటుడు రాబర్ట్ వోల్డర్స్‌తో కలిసి ఉంది, పెళ్ళి మాట ఎత్తలేదు. యునిసెఫ్ ప్రయాణాలన్నిటిలో పక్కన ఉన్నదీ, టికెట్ల నుంచి ఫోన్ల దాకా చూసుకున్నదీ ఆయనే.

పిల్లలు షాన్ (1960), లూకా (1970). చాలాసార్లు గర్భస్రావాలు కూడా అయ్యాయి.

అంత ఫామ్‌లో ఉండగా 1967లో సినిమాలు ఎందుకు ఆపేసింది?

పిల్లల కోసం. వెయిట్ అంటిల్ డార్క్‌తో ఐదో నామినేషన్ వచ్చిన సమయంలో ఆగిపోయింది. మళ్ళీ 1976లో రాబిన్ అండ్ మరియన్ దాకా తెర మీద లేదు. దీన్ని త్యాగమని ఆమె ఎప్పుడూ అనలేదు, ఇంట్లో ఉండడమే తనకు ఇష్టమని చెప్పేది. తండ్రి వదిలేసిన పిల్ల కదా. ఆఖరి సినిమా 1989లో స్పీల్‌బర్గ్ ఆల్వేస్, అందులో దేవదూత. వేషం చిన్నదే.

## యునిసెఫ్ ఏళ్ళు

యునిసెఫ్‌లోకి ఎలా వచ్చింది?

1950లలోనే ఆ సంస్థ కోసం రేడియోలో మాట్లాడింది. 1987 అక్టోబరులో మకావులో ఒక సహాయ కచేరీకి అతిథిగా వెళ్ళింది. తన పేరుకి ఇంకా జనం వస్తారని, డబ్బు పోగవుతుందని అక్కడ తెలిసింది. 1988లో సద్భావన రాయబారి అయింది. మొదటి ప్రయాణం ఇథియోపియాకు, కరువులో ఉన్న మెకెల్లే అనాథాశ్రమానికి, అక్కడ ఐదువందల మంది పిల్లలు ఆకలితో అలమటిస్తున్నారు. చిన్నప్పుడు తనకు తిండి పెట్టిన చేతికే పనిచేస్తున్నానని ఆమె అనుకునేది.

సెలబ్రిటీలు ఫొటోల కోసం వెళ్తారు. ఈవిడా అంతేగా?

ఫొటోల కోసమే వెళ్ళింది, ఆ మాట దాచలేదు కూడా. కెమెరాలు తన వెనక వస్తాయి, కాబట్టి కెమెరాలు ఎక్కడికి పోవాలో తానే నిర్ణయించవచ్చు అన్నది ఆమె లెక్క. తేడా ఎక్కడంటే, బయల్దేరేముందు ఆ దేశం గురించి క్షుణ్ణంగా చదువుకునేది. తిరిగొచ్చాక వరసబెట్టి ఇంటర్వ్యూలు ఇచ్చేది. 1989లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పింది.

ఇంకొకటి. 1989లో బంగ్లాదేశ్ వెళ్ళినప్పుడు వెంట ఉన్నది భారతదేశంలో పుట్టిన ఐరాస ఫొటోగ్రాఫర్ జాన్ ఐజాక్. ఒంటినిండా ఈగలు ముసిరిన పిల్లల దగ్గర మిగతా అతిథులు ఒక్క క్షణం తటపటాయిస్తారు, ఆమె మాత్రం తిన్నగా వెళ్ళి వాటేసుకునేది, అలాంటిది తానెప్పుడూ చూడలేదని ఆయన చెప్పాడు. ఫొటో కోసం వెళ్ళినవాళ్ళని ఫొటోగ్రాఫర్ కంటే బాగా పసిగట్టేవాడు ఎవడుంటాడు?

ఏయే దేశాలు తిరిగింది? వెళ్ళినచోట ఏం చేసేది?

1988లో ఇథియోపియా, టర్కీ, వెనిజులా, ఈక్వడార్. 1989లో హోండురాస్, ఎల్ సాల్వడార్, గ్వాటెమాల, సూడాన్, బంగ్లాదేశ్. 1990లో వియత్నాం. 1992లో కెన్యా, సోమాలియా.

అన్నీ కన్నీళ్ళ కథలే అనుకోకండి, పని జరిగిన చోట్ల గురించి ఆమె ఎంతో ఉత్సాహంగా చెప్పేది. టర్కీలో టీకాల కార్యక్రమానికి సైన్యం లారీలిచ్చింది, చేపల వ్యాపారులు టీకా మందు మోయడానికి తమ బండ్లిచ్చారు, పది రోజుల్లో దేశమంతా టీకాలు వేశారని ఊరూరా చెప్పుకొచ్చింది. మన పల్స్ పోలియో ఆదివారాలు చూసినవాళ్ళకి ఆ సందడి తెలుసు. దక్షిణ అమెరికాలో కొండ పల్లెలకు మొదటిసారి నీటి గొట్టాలు రావడం, యునిసెఫ్ ఇచ్చిన ఇటుకలు, సిమెంటుతో పిల్లలే బడి కట్టుకోవడం ఆమెకు ఇష్టమైన ఉదాహరణలు.

సూడాన్‌లో పరిస్థితి వేరు. దక్షిణాన తిండి లేకపోవడానికి కారణం వానలు కాదు, అంతర్యుద్ధం. దారులు మూసేశారు. ఇది ప్రకృతి విపత్తు కాదు, మనుషులు చేసింది, మనుషులే ఆపాలి అని ఆమె గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టింది అప్పటినుంచే. ఆకలి చలికాలం కూడా వానలు లేక వచ్చింది కాదుగా.

సోమాలియాలో అంతగా ఏం చూసింది?

1992 సెప్టెంబరు. ప్రభుత్వం కూలిపోయి, ముఠాల యుద్ధం, దాని మీద కరువు. విమానం లోంచి చూస్తే నేల ముదురు ఎరుపు. శిబిరాల చుట్టూ ఆ ఎర్రమట్టి అలలు అలలుగా, సముద్రం అడుగులా ఉందట. అవి సమాధులని తర్వాత చెప్పారు. శిబిరాల్లో బాగా చిన్నపిల్లలు కనిపించడం లేదని గమనించింది, వాళ్ళు అప్పటికే పోయారు. నేనొక పీడకలలోకి నడిచాను అంది. తిరిగొచ్చి లండన్‌లో, జెనీవాలో విలేఖరుల ముందు కూర్చుని చెప్పింది. ఆ వీడియోలు దొరుకుతాయి. మేకప్ లేదు, గొంతులో కోపం ఉంది. చేతుల్లో బిడ్డను మోస్తున్న ఆమె ఫొటోలు పత్రికల్లో వచ్చిన నెలల్లోనే, డిసెంబరులో, అంతర్జాతీయ బలగాలు సహాయ సరుకుల రక్షణకు దిగాయి. ఆమె వల్లే దిగాయని నేను అనను.

ఆన్ ఫ్రాంక్ పాత్ర ఇస్తే ఎందుకు వద్దంది?

ఆన్ ఫ్రాంక్ అంటే నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు బాలిక. ఇద్దరూ 1929లోనే పుట్టారు, నెదర్లాండ్స్‌లో ఒకే ఆక్రమణ కింద పెరిగారు. డైరీ చదివి కుదేలైపోయానని ఆమె చెప్పింది. ఐదుగురు బందీలను కాల్చేశారని ఆన్ రాసిన చోట గుర్తు గీసుకున్నానని, తల్లి తోబుట్టువు భర్త ఒట్టోను జర్మన్లు చంపింది ఆ రోజేనని ఆడ్రీ చెప్పుకుంది. సినిమాగా తీసినప్పుడు (1959) అడిగితే ఆ రోజుల్లోకి మళ్ళీ పోలేనని నిరాకరించింది. ముప్పై ఏళ్ళు గడిచాక, 1990లో, యునిసెఫ్ నిధుల కోసం ఆర్కెస్ట్రాతో కలిసి వేదిక మీద ఆ డైరీలో భాగాలు చదివింది.

## చివరి నెలలు, ఆ తర్వాత

సోమాలియాలో పట్టుకున్న జబ్బుతోనే పోయిందా?

కాదు. ఆ ప్రయాణం తర్వాత కడుపునొప్పి మొదలవడంతో మొదట అక్కడేదో ఇన్‌ఫెక్షన్ సోకిందనుకున్నారు. 1992 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో ఆపరేషన్ చేస్తే అపెండిక్స్‌లో పుట్టి కడుపంతా పాకిన అరుదైన క్యాన్సర్ అని తేలింది. అది ఏళ్ళ తరబడి చాటుగా పెరిగే రకం. మామూలు విమానంలో ప్రయాణించే స్థితి లేదు. జివాన్షీ ఒక స్నేహితురాలి సొంత విమానం మాట్లాడి, లోపలంతా పూలతో నింపించి, స్విట్జర్లాండ్ చేర్చాడు. ఆఖరి క్రిస్మస్ ఇంట్లోనే. 1993 జనవరి 20న తొలొషెనాజ్ పల్లెలో, 63 ఏళ్ళ వయసులో పోయింది. సమాధి ఆ ఊరి శ్మశానంలోనే ఉంది, మామూలు శిలువ అంతే.

టాగోర్ కవితకీ ఆమెకీ ఏమిటి సంబంధం?

టాగోర్ "అనంత ప్రేమ" ఇంగ్లీషు అనువాదం ఆమెకు ఎంతో ఇష్టమైన కవిత అని చెబుతారు. ఆమె పోయాక గ్రెగరీ పెక్ కెమెరా ముందుకొచ్చి, గొంతు వణుకుతుండగా దాన్ని చదివాడు. జన్మజన్మలుగా నిన్నే ప్రేమిస్తున్నాను అనే ఆ కవిత మనకు కొత్తేం కాదు, చదివినవాడు కొత్త.

"అందమైన పెదవులు కావాలంటే మంచి మాటలు మాట్లాడు" ఆమె రాసిందేనా?

కాదు. ప్రతి మహిళా దినోత్సవానికి ఆమె ఫొటోతో వాట్సాప్‌లో తిరిగే ఆ మాటలు అమెరికన్ హాస్య రచయిత శామ్ లెవెన్సన్‌వి, మనవరాలికి రాసినవి. ఆడ్రీకి నచ్చి, చదివి వినిపించేది. ఆమె పేరుతో తిరిగే కొటేషన్లలో సగానికి ఇదే గతి.

ఆమె పేరు మీద ఇప్పుడు ఏమైనా నడుస్తోందా?

కొడుకులిద్దరూ, వోల్డర్స్ కలిసి 1994లో ఆడ్రీ హెప్బర్న్ చిల్డ్రన్స్ ఫండ్ పెట్టారు. న్యూయార్క్ యునిసెఫ్ కార్యాలయంలో 2002లో "స్పిరిట్ ఆఫ్ ఆడ్రీ" అనే కంచు విగ్రహం ఆవిష్కరించారు. పిల్లల కోసం డబ్బు పంపాలనుకుంటే యునిసెఫ్ ఇండియా వెబ్‌సైట్‌లో నేరుగా పంపొచ్చు. ఆమె ఫొటో పెట్టి చందాలడిగే సోషల్ మీడియా పేజీలను మాత్రం నమ్మకండి, ముందు ఆ సంస్థ రిజిస్ట్రేషన్ వివరాలు, రసీదు ఇస్తారో లేదో అడగండి.